మూడు నక్షత్రాలు, మూడు అర్థాలు

ప్రశ్న: మా పెదనాన్నగారు ప్రాణంగా చూసుకున్న పాత సైనిక రైఫిల్, ఆయన పోయాక, కాగితాలన్నీ సక్రమంగా పూర్తయి నా చేతికి వచ్చింది. దాని ఒంటినిండా ముద్రలే. తూటాను గదిలోకి నెట్టి మూసే బోల్ట్ పిడి వెనక కుడివైపు ఒక కిరీటం, దాని కింద వరుసగా జి.ఆర్., ఎన్‌ఫీల్డ్, 1917, ఎస్‌హెచ్‌టి.ఎల్‌.ఇ., రోమన్ అంకె మూడు, ఆ అంకె పక్కన చిన్న నక్షత్రం ఉన్నాయి. గొట్టం మొదట్లో సీరియల్ నంబరు దగ్గర ఇంకో నక్షత్రం, ఎడమవైపు 36 అనే అంకె ఉన్నాయి. ఉక్కు మీద మరోచోట ఆరు కొమ్ముల నక్షత్రం ఉంది. చిన్న చిన్న కిరీటాలు లెక్కలేనన్ని. ‘2.222’ అనీ ‘18.5 టన్నులు’ అనీ రాసి ఉంది. భుజానికి ఆనించే చెక్క భాగం, అంటే బట్‌కు కుడివైపున్న ఇత్తడి బిళ్ళ మీద 2, ఆర్.డబ్ల్యు.ఎఫ్., 11.12, 417 అని ఉన్నాయి. బోల్ట్ మీది నంబరు మాత్రం గొట్టం మీది నంబరుతో కలవడం లేదు. ఆరు కొమ్ముల నక్షత్రం ఇజ్రాయెల్ సైన్యానిదని ఒక మిత్రుడు చెప్పాడు. ఇది 1916లో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం చూసిన తుపాకి అని పెదనాన్నగారు అనేవారు. ఏది నమ్మాలి? ముద్రలు స్పష్టంగా కనిపించేలా పాలిష్ చేయించి, ఒకసారి కాల్చి చూడాలని ఉంది.

సమాధానం: పాలిష్ చేయించకండి. కాల్చకండి. మీ ఉత్తరం చదువుతూ ఆ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా గుండె ఆగినంత పనయింది. అందుకే మిగతా విషయాలన్నిటికంటే ముందు ఈ రెండు మాటలు రాస్తున్నాను.

ముద్రలు చూడటానికి కూర్చునే ప్రతిసారీ బోల్ట్ వెనక్కి లాగి, తూటాలు నింపే మ్యాగజైన్ ఊడదీసి, తూటా గదిలో ఏమీ లేదని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోండి. నిన్న చూశాం కదా అనుకోవద్దు. ఆ తరువాతే భూతద్దం చేతిలోకి తీసుకోండి.

ఇలాంటి తుపాకి మీది ముద్రలను అందరూ ఒకే వాక్యంలా చదవబోతారు. అసలు చిక్కు అక్కడే ఉంది. అవన్నీ ఒకరు, ఒకే రోజు కొట్టినవి కావు. కర్మాగారం తన పేరు కొట్టింది. పరీక్షకుడు తన వంతు కొట్టాడు. సైన్యం ఆస్తిగుర్తు వేసుకుంది, పటాలం తన లెక్క కోసం ఒక బిళ్ళ తగిలించింది. ఎన్నో ఏళ్ళ తరువాత మరమ్మతు చేసినవాడు ఒకటి, అమ్మేసినవాడు ఒకటి, అమ్మకానికి ముందు బలపరీక్ష చేసిన సంస్థ ఒకటి కొట్టారు. కాబట్టి ఒక గుర్తు కనబడగానే ‘దీని అర్థమేమిటి’ అని కాకుండా ‘దీన్ని ఎవరు, ఎందుకు కొట్టి ఉంటారు’ అని అడగాలి. మీ రైఫిల్ మీద మూడు నక్షత్రాలున్నాయి. ఆ మూడింటికీ ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేదు.

మొదటిది రోమన్ అంకె పక్కనున్న నక్షత్రం. బోల్ట్ పిడి వెనకనున్న ఆ ఉక్కు పట్టీ ఈ రైఫిల్‌కు జన్మపత్రిక. కిరీటం కింద జి.ఆర్. అంటే లాటిన్‌లో ‘జార్జియస్ రెక్స్’, జార్జి రాజు. 1910 నుంచి 1936 వరకు ఏలిన అయిదో జార్జి అన్నమాట. ఎన్‌ఫీల్డ్ అంటే బ్రిటన్‌లోని ఎన్‌ఫీల్డ్ లాక్‌లో ఉన్న ప్రభుత్వ కర్మాగారం. ఇదే తుపాకిని బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. ఆయుధ సంస్థ చేసింది, ఆస్ట్రేలియాలో లిత్‌గో కర్మాగారం చేసింది, భారతదేశంలో ఇషాపూర్ కర్మాగారం చేసింది. ఇషాపూర్ తుపాకుల మీద జి.ఆర్. చివర ‘ఐ’ అక్షరం అదనంగా ఉంటుంది, చక్రవర్తి అనే అర్థంలో. మీ దాని మీద ఆ అక్షరం లేదు, పైగా ఊరి పేరే ఉంది కాబట్టి పుట్టుక గురించి సందేహం అక్కరలేదు.

ఎస్‌హెచ్‌టి.ఎల్‌.ఇ. అంటే పొట్టి లీ ఎన్‌ఫీల్డ్. బోల్ట్, మ్యాగజైన్ ఏర్పాటును రూపొందించినవాడు జేమ్స్ పారిస్ లీ. ఈ పొట్టి రైఫిల్‌ను 1902లో ఆమోదించారు, మూడో నమూనా 1907లో వచ్చింది. మూడు పక్కన నక్షత్రం ఉంటే నమూనా మారలేదు కానీ అందులో కొంత సవరణ జరిగిందని బ్రిటిష్ సైన్యపు లెక్క. ఆ సవరణ ఏమిటో కూడా తెలుసు. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, 1916లో, తయారీ వేగం పెంచడానికి కొన్ని హంగులు తీసేశారు. మూడో నమూనాలో మ్యాగజైన్‌ను మూసి ఉంచి ఒక్కొక్క తూటాగా పెట్టి కాల్చడానికి ఒక పలక ఉండేది. ముందు చెక్కకు ఎడమవైపు, 2800 గజాల దూరం దాకా గుంపులుగా కాల్చడానికి పనికివచ్చే ఒక గుండ్రని గురిబిళ్ళ ఉండేది. వెనక గురిని పక్కలకు జరిపే మర ఉండేది. నక్షత్రమున్న తుపాకిలో ఈ మూడూ మానేశారు. మీ చెక్క ఎడమవైపు చూడండి. అక్కడ గురిబిళ్ళ లేకపోతే ముద్ర చెప్పినదానికి తుపాకి శరీరం సాక్ష్యం పలికినట్టే. పలక కోసం ఉక్కులో కోసిన సన్నని గాడి మాత్రం కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. దాన్ని చూసి కంగారుపడకండి.

ఎప్పుడూ ఇలాగే చేయండి. ముద్ర ఒక మాట చెబితే, ఆ మాటను తుపాకిలోని ఏదో ఒక భాగంతో సరిచూడండి. అక్షరాలను మాత్రమే నమ్ముకున్నవాళ్ళు మోసపోతారు. నకిలీ ముద్రలు కొట్టడానికి ఒక సుత్తి, ఒక పంచ్ చాలు.

రెండో నక్షత్రం గొట్టం మొదట్లో, సీరియల్ నంబరు దగ్గర ఉన్నది. ఇది మీకు చెప్పవలసిన చెడ్డ కబురు. గొట్టం లోపలి గోడ తుప్పుకు గుంటలు పడిందని సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్ గమనించి కొట్టిన గుర్తు అది. అంటే ఈ గొట్టం మీద ఒక కన్ను వేసి ఉంచాలని తన తరువాతివాడికి ఇచ్చిన సూచన. ఆ రోజుల తూటాల అడుగున ఉండే పేలుడు పదార్థం కాలాక ఒకరకమైన ఉప్పు మిగిలేది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. నూనె రాస్తే అది పోదు, నీళ్ళతో కడిగితేనే కరుగుతుంది. కాల్చిన రోజున కడగకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే గుంటలు మొదలవుతాయి. ఏ శిబిరంలోనో అలసిపోయిన సైనికుడు ఆ పని చేయకుండా నిద్రపోయి ఉంటాడు. ఆ రాత్రి గుర్తు ఇప్పటికీ మీ గొట్టం మీద ఉంది. ఇలాంటివి చూసినప్పుడు నాకు ఇనుమును కాదు, మనిషిని చూసినట్టు అనిపిస్తుంది.

36 అనే అంకె గొట్టం తయారైన సంవత్సరం. తుపాకి 1917లో పుట్టింది, గొట్టం 1936లో వచ్చింది. ‘మరి గొట్టం మీదా, దాన్ని బిగించిన రిసీవర్ అనే ఉక్కు శరీరం మీదా ఒకే సీరియల్ నంబరు ఎలా ఉంది’ అని మీరు అడగవచ్చు. అరిగిన గొట్టం తీసేసి కొత్తది బిగించినప్పుడు, పాత రిసీవర్ మీది నంబరునే కొత్త గొట్టం మీద కూడా కొట్టేవారు. కాబట్టి ఆ రెండు నంబర్లు కలవడం తుపాకి మొదటి నుంచీ చెక్కుచెదరలేదనడానికి రుజువు కాదు. మరమ్మతు పద్ధతి ప్రకారం జరిగిందనడానికి మాత్రమే రుజువు. ఇంకొక మాట. నంబరు రాసుకునేటప్పుడు దాని పక్కనున్న అక్షరాన్ని వదిలేయకండి, అది కూడా నంబరులో భాగమే. మీ కాగితాల్లో ఉండవలసింది రిసీవర్ మీది నంబరు. అక్షరంతో సహా అలాగే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇక మూడో నక్షత్రం. మీ మిత్రుడు మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు కానీ అది ఇజ్రాయెల్ గుర్తు కాదు. భూతద్దం కింద పెట్టి కొనల దగ్గర చూడండి. ఇజ్రాయెల్ వాడిన మౌజర్ రైఫిళ్ళ మీది నక్షత్రం రెండు త్రిభుజాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది, గీతలు మూసుకుని ఉంటాయి. మీ దాంట్లో మూసిన గీత ఒక్కటీ కనబడదు. ఒక బిందువు నుంచి బయటికి పోయే ఆరు పుల్లలు మాత్రమే ఉంటాయి. పై మూడు ఒక బాణం ములుకు, కింది మూడు ఇంకో బాణం ములుకు. రెండు బాణాలు కొనకు కొన ఆనించి కొట్టారు.

ఒంటరి బాణం బ్రిటిష్ ప్రభుత్వపు ఆస్తిగుర్తు. తుపాకుల మీదే కాదు, పీపాల మీద, కొలతబద్దల మీద, ఖైదీల బట్టల మీద కూడా అదే వేసేవారు. దాన్ని అనుమతి లేకుండా వాడటం నేరమని 1875లో చట్టమే చేశారు. మీ రైఫిల్ ఉక్కు మీద ఆ ఒంటి బాణాలు ఇంకా చాలా చోట్ల ఉండాలి, వెతకండి. బాణం చుట్టూ సి అక్షరం ఉంటే కెనడా, రెండు డి అక్షరాల నడుమ ఉంటే ఆస్ట్రేలియా, యు లోపల ఉంటే దక్షిణాఫ్రికా. ఆ బాణానికి ఎదురుగా రెండో బాణాన్ని కొనకు కొన కొట్టారంటే, ‘ఇది ఇక ప్రభుత్వానిది కాదు, సేవ నుంచి తొలగించి అమ్మేశాం’ అని అర్థం. అంటే మీ మిత్రుడికి మరో సైన్యంగా కనిపించిన గుర్తు నిజానికి ఏ సైన్యానికీ చెందదని చెప్పే గుర్తు. చోరీ సొత్తు కాదని చెప్పే పాత రసీదు కూడా అదే. నన్నడిగితే మీ రైఫిల్ మీది ముద్రలన్నిటిలో అందమైనది అదే.

18.5 టన్నులు బరువు కాదు, ఒత్తిడి. అమ్మకానికి పెట్టే ప్రతి తుపాకినీ బ్రిటన్‌లో లండన్ లేదా బర్మింగ్‌హామ్ పరీక్షాశాలలో బలమైన తూటాతో కాల్చి చూడాలి. అందులో నిలబడితే, చదరపు అంగుళానికి ఎన్ని టన్నుల ఒత్తిడికి సరిపోతుందో కొట్టేవారు. 2.222 అంటే తూటా గుల్ల పొడవు, అంగుళాల్లో. దగ్గరలోనే .303 అని కూడా ఉండాలి. జంట బాణాలు, ఈ టన్నులు రెండూ కలిసి ఒకే కథ చెబుతున్నాయి. సైన్యం వదిలించుకుంది, వ్యాపారి కొన్నాడు, పరీక్షకు పంపాడు. అయితే ఆ పరీక్ష జరిగి దశాబ్దాలు గడిచాయి. అది ఆనాటి ఆరోగ్యానికి మాత్రమే పత్రం.

లెక్కలేనన్ని చిన్న కిరీటాలు పరీక్షకులవి. కిరీటం, కింద ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అక్షరం ఇ అయితే ఎన్‌ఫీల్డ్, అంకె ఆ మనిషిది. ఆ అంకెల వెనకనున్న మనుషుల పేర్ల కోసం వెతుకుతూ సమయం వృథా చేసుకోకండి.

ఇత్తడి బిళ్ళ దగ్గర మాత్రం కాసేపు కూర్చోవాలి. 2, ఆర్.డబ్ల్యు.ఎఫ్. అంటే రాయల్ వెల్ష్ ఫ్యుసిలియర్స్ రెండో బెటాలియన్ అని చదవడం సబబు. 417 ఆ పటాలంలో ఆ తుపాకికి ఇచ్చిన వరుస సంఖ్య. 11.12 అన్నది నెల, సంవత్సరం. 1912 నవంబరు. ఇప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటి ముద్ర చూడండి. 1917లో తయారైన తుపాకిని 1912లో ఒక పటాలానికి ఎలా ఇచ్చారు? పైగా ఇలా బిళ్ళల మీద పటాలం పేర్లు కొట్టే పద్ధతి మొదటి ప్రపంచయుద్ధం నడుమనే ఆగిపోయింది. 1917 తుపాకికి బిళ్ళ ఉంటే అది ఖాళీగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు.

కాబట్టి ఆ బట్ ఈ తుపాకితో పుట్టలేదు. ఇంకో పాత రైఫిల్ బట్‌ను ఎప్పుడో మరమ్మతుశాలలో దీనికి బిగించారు. ఇందులో మోసమేమీ లేదు. ఈ రైఫిల్‌లో బట్ ఒక ముక్క, ముందు చెక్క వేరే ముక్క. పగిలిన బట్ తీసి గుట్టలోంచి మంచిది ఒకటి బిగించడం ఆర్మరర్‌కు రోజువారీ పని. 1936లో గొట్టం మార్చినప్పుడే ఇదీ జరిగిందని ఊహించాలనిపిస్తుంది. కానీ ఆ ఊహను ఏ ముద్రా సమర్థించడం లేదు.

ఇక మీ పెదనాన్నగారి మాట. సోమ్ యుద్ధం 1916 జూలై 1న మొదలై నవంబరు 18న ముగిసింది. 1917లో తయారైన రిసీవర్ అక్కడ ఉండే అవకాశమే లేదు. ఈ మాట రాయడం నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఆయన ఆ కథ ఎంత ప్రేమగా చెప్పి ఉంటారో ఊహించగలను. అయినా దాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. రాయల్ వెల్ష్ రెండో బెటాలియన్ సోమ్‌లో పోరాడిన మాట నిజం. ఆ బిళ్ళను చదివి, పటాలం చరిత్ర తెలుసుకుని, ఎవరో ఆయనకు ఆ మాట చెప్పి ఉండవచ్చు. ఈ చెక్క ముక్క ఆ బురదలో ఏ సైనికుడి చెంపకైనా ఆనిందా అంటే, ఆనలేదని నేను అనలేను, ఆనిందని ముద్ర చెప్పదు. 1912లో ఆ పటాలం చేతిలో ఉందని మాత్రమే బిళ్ళ చెబుతోంది. స్విట్జర్లాండ్ సైనికులు తమ రైఫిల్ బట్ అడుగున ఉక్కు రేకు కింద తమ పేరు రాసిన చీటీ పెట్టేవారు. మీ దాంట్లో అలాంటి అదృష్టం లేదు.

బోల్ట్ నంబరు కలవకపోవడం గురించి సేకరించేవారు ధర తగ్గుతుందని బాధపడతారు. నా ఆందోళన వేరు. బోల్ట్‌ను ఆ రిసీవర్‌కు సరిపోయేలా కూర్చి, ఆ తరువాతే నంబరు కొడతారు. తూటా వెనక భాగానికీ బోల్ట్ ముఖానికీ నడుమ ఉండవలసిన ఖాళీ వెంట్రుకవాసి కొలత. వేరే బోల్ట్ వేస్తే ఆ కొలత తప్పవచ్చు. తప్పితే గుల్ల చిట్లి, మండే వాయువు కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. ఒకవైపు లోపల గుంటలు పడ్డ గొట్టం, మరోవైపు పరాయి బోల్ట్. అందుకే మొదటి మాటగా కాల్చవద్దన్నాను. అనుమతి ఉన్న తుపాకి పనివాడు గేజ్‌లతో కొలిచి, గొట్టం లోపల చూసి, రాతపూర్వకంగా చెప్పేదాకా ఇది చూసుకోవడానికి మాత్రమే. ఇంకొకటి వెతకండి. చెక్క మీద గానీ ఉక్కు మీద గానీ డి.పి. అనే అక్షరాలుంటే అది కవాతు శిక్షణకు మాత్రమే కేటాయించిన తుపాకి, కాల్చడానికి పనికిరాదని సైన్యమే తేల్చేసింది. అప్పుడు పనివాడి దగ్గరికి వెళ్ళే శ్రమ కూడా వద్దు.

పాలిష్ విషయం. ఒకసారి ఇలాంటి రైఫిల్ ఒకటి నా చేతికి వచ్చింది. అంతకు ముందటి యజమాని ఉప్పుకాగితంతో బట్ మొత్తం రుద్ది, మెరుగునూనె పట్టించాడు. అద్దంలా మెరుస్తోంది. ఎడమవైపు ఏదో పెద్ద గుండ్రని ముద్ర ఉండేదని చెక్కలో చిన్న పల్లం చేతికి తెలుస్తోంది, కంటికి ఏమీ లేదు. ఆ పల్లం మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పోయినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

ముద్రలు కనబడాలంటే రుద్దనక్కరలేదు, వెలుతురు మారిస్తే చాలు. గదిలో దీపాలు ఆర్పి, ఒక టార్చిని ఉక్కుకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి పట్టుకోండి. నీడలు పడి అక్షరాలు లేచి నిలబడతాయి. టార్చిని నాలుగు వైపులా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. ఒక వైపు నుంచి 3లా కనబడింది ఇంకో వైపు నుంచి 8 కావచ్చు. ఉక్కు మీద మడ్డి ఉంటే కొంచెం తుపాకి నూనె అద్ది మెత్తటి గుడ్డతో ఒత్తండి. ఇంకా తెలియకపోతే తెల్ల సుద్ద పొడిని వేలితో పూసి, పైపైన తుడిచేయండి. చెక్క మీది ముద్రకు పలచటి కాగితం వేసి మెత్తటి పెన్సిల్‌తో అడ్డంగా గీస్తే అచ్చు దిగుతుంది.

చెక్క కింద ఏముందో చూడాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. బట్‌ను ముందుగా విప్పకండి. ఈ రైఫిల్‌లో బట్‌ను పట్టి ఉంచే పొడవాటి మరమేకు చివర పలకలుగా ఉండి, ముందు చెక్క వెనక అంచున ఉన్న చిన్న రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క తీయకుండా ఆ మేకు తిప్పితే చెక్క నిలువునా చీలుతుంది. వందేళ్ళు నిలిచిన చెక్కలు ఇలా అరనిమిషంలో పోయాయి. చేతనైనవాళ్ళ పక్కన కూర్చుని చూస్తే తప్ప ఆ పనికి దిగకండి.

విప్పకుండానే చూడగలిగినవి మూడు మిగిలాయి. గొట్టం కొన దగ్గర ఇనుప ముక్కుటోపీ వెనక భాగం, వెనక గురిపలక ఎత్తితే దాని అడుగు, ముందు చెక్క కొనకు కింది వైపు. ఈ మూడు చోట్లా సీరియల్ నంబరు ఉండాలి. వాటిని రిసీవర్ మీది నంబరుతో పోల్చి రాయండి. మూడూ కలిస్తే బట్, బోల్ట్ తప్ప మిగతా తుపాకి చాలావరకు కలిసే ప్రయాణించిందని అనుకోవచ్చు. ముందు చెక్క మీద ఒక నంబరు కొట్టేసి దాని పక్కన ఇంకోటి ఉంటే, కొట్టేసిన నంబరును కూడా వదలకుండా రాసి పంపండి. పక్క వెలుతురులో తీసిన ఫొటోలు జతచేస్తే ఇంకా మంచిది.